కుండీ చింతకు తగిలిన మందు

మా మేడ మీద పద్నాలుగు కుండీలున్నాయి. పద్నాలుగింటిలోనూ మరుగుజ్జు చెట్లే. వీటిని బోన్సాయ్ అంటారని నాకు తెలిసేసరికే అందులో నాలుగు చెట్లు ముదిరిపోయాయి. మావి మిరప, పత్తి పండించే చేలు. చెట్టంటే ఎకరాల్లో చూడటం అలవాటైన ఊళ్ళో, మూకుడంత కుండీలో చింతచెట్టుని పెంచేదాన్ని నేనొక్కదాన్నే. "కాపెప్పుడక్కా? పప్పులోకి రెండు కాయలు పంపు" అని దారినపోయేవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. మా ఆయన ఆపాటి మాట కూడా అనేవాడు కాదు. ఇరవై ఏళ్ళలో ఆయన మేడెక్కింది రెండు పనులకే. ఎండబోసిన కాయలు తిరగెయ్యటానికి, నీళ్ళ ట్యాంకు చూసుకోవటానికి. మధ్యలో నా చెట్లుంటే పంచె పైకెత్తుకుని పక్కనుంచి వెళ్ళిపోయేవాడు.

నాకు భయం ఎక్కువ. ఇంట్లో అందరూ వెక్కిరించే ఆ గుణమే ఈ చెట్లకి పనికొచ్చింది. నేలలో ఉన్న చెట్టు తన బతుకు తాను చూసుకుంటుంది. కుండీలో చెట్టుకి ఉన్నది గుప్పెడు మట్టి. రోహిణీ కార్తె ఎండలో ఒక్క పూట మర్చిపోతే చాలు, సాయంత్రానికి పుల్ల మిగులుతుంది. అందుకని ఎవరైనా నన్ను ఎలా పెంచాలని అడిగితే, ముందు నీకు దిగులు పడటం వచ్చా అని అడుగుతాను.

మొదటి చెట్టుని నల్లరేగడి చంపింది. నల్లరేగడి మీద మావాళ్ళకున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. బంగారం లాంటి మట్టి కదా అని కుండీ నింపాను. తడిస్తే జిగురు, ఎండితే బీటలు. నీళ్ళు కిందికి దిగక వేళ్ళు కుళ్ళిపోయాయి. ఇప్పుడు చీమకుర్తి వైపు నుంచి లారీల్లో వచ్చే రాతి చిప్స్ తెచ్చుకుని, జల్లెడ పట్టి, దుమ్ము పారేసి, పలుకులు మాత్రమే వాడతాను. రెండు పాళ్ళు పలుకులు, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. పచ్చి ఎరువు వేస్తే వేడికి వేళ్ళు మాడతాయి. పోసిన నీళ్ళు కింద చిల్లులోంచి ధారగా వచ్చేదాకా పొయ్యాలి. మళ్ళీ మట్టిలో వేలు పెట్టి చూసి, రెండో కణుపు దాకా పొడిగా తగిలితేనే పొయ్యాలి. రెండు మూడేళ్ళకోసారి చెట్టుని బయటికి తీసి, వేళ్ళలో మూడో వంతు కత్తిరించి, కొత్త మట్టిలో పెట్టాలి. ఆ తర్వాత నెల రోజులు ఎరువు జోలికి పోకూడదు. మావాళ్ళకి ఈ ఒక్కటే ఎంత చెప్పినా ఎక్కదు. నీరసంగా ఉన్న మొక్క కనబడితే చాలు, యూరియా చల్లాలని చెయ్యి దురద పెడుతుంది.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. వంగుతుంది. రాగి తీగ చుట్టి వారానికి కాస్త, వారానికి కాస్త వంచుతూ పోతే ముదురు కొమ్మ కూడా మాట వింటుంది. తొందరపడితే ఠప్పున విరుగుతుంది. తీగ బెరడులోకి దిగకముందే విప్పెయ్యాలి. ఆ మచ్చ పడితే జన్మకి పోదు.

పోయిన ఏడాది కార్తీకంలో మా అక్కకి ఒంగోల్లో మోకాలి ఆపరేషన్ అయింది. వారం రోజులు దగ్గరుండాల్సి వచ్చింది. చెట్లకి నీళ్ళు పొయ్యటం ఎలాగో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. మా ఆయన అది చదివి, "ఏమే, పసిపిల్లని అప్పజెప్పినా ఇన్ని చెప్పరు కదే" అన్నాడు. పోస్తాడో లేదోనని బస్సులో కూర్చున్నంతసేపూ నాకు అదే దిగులు.

ఆరో రోజు పొద్దున ఫోన్ చేశాడు. "నీ చింతచెట్టుకి పిండినల్లి పట్టిందే. కొమ్మ సందుల్లో తెల్లగా కనబడింది. నిన్న సాయంత్రం నేనే మందు కొట్టా. నువ్వేం దిగులు పడబాకు."

ఆస్పత్రి వరండాలో నిలబడి ఫోను పట్టుకుని ఏడ్చేశాను. కొమ్మ సందుల్లో పురుగు కనబడాలంటే ఆ చెట్టు ముందు వంగి కూర్చోవాలి. ఇరవై ఏళ్ళకి ఆయన వంగి కూర్చున్నాడు. లోపలికెళ్ళి చెబితే మా అక్క, "పురుగుమందు కొడితే ఏడుపెందుకే? మా ఇంట్లో రోజూ కొడతారు" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లు చేరాను. ఆయన కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిరపకాయ చూసుకోవటానికి గుంటూరు వెళ్ళాడు. సంచి గుమ్మంలో పెట్టి నేరుగా మేడెక్కాను. చింతచెట్టు కొసలన్నీ కిందికి వాలి, ఆకుకాడలు పురి పెట్టిన తాడులా మెలి తిరిగి ఉన్నాయి. మా వైపు పత్తి వేసిన వాళ్ళెవరికైనా ఆ మెలిక చూడగానే తెలిసిపోతుంది. అది కలుపుని చంపే గడ్డి మందు దెబ్బ. దాని గాలి సోకినా చాలు, పత్తి ఆకు బెండాకులా చీలిపోయి ముడుచుకుపోతుంది. ఆకు తుంచి వాసన చూశాను. మందుల గదిలో వచ్చే ఆ ఘాటు వాసనే.

మా ఇంట్లో స్ప్రేయర్లు రెండు. గడ్డి మందుకి వాడేదానికి ఎర్ర గుడ్డ కట్టి ఉంటుంది. పురుగుమందుకి దాన్ని ముట్టుకోకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది మా ఆయనే. పక్క చేనువాళ్ళు ట్యాంకు మార్చి కొట్టి పత్తంతా పోగొట్టుకున్న కథ, పనికొచ్చిన ప్రతివాళ్ళకీ నిలబెట్టి చెబుతాడు. అలాంటి మనిషి చేతిలో ఇదెలా జరిగిందో నాకు అర్థం కాలేదు. కిందికి దిగితే, చేలో పనికి వచ్చే ఆవిడ పెరట్లో గోతాలు దులుపుతోంది. అరుగు మీద లీటరు పట్టే చేతి స్ప్రేయర్ డబ్బా ఉంది. దీంతో ఏం కొట్టారని అడిగాను.

"అదా అక్కా, మొన్న సందులో వయ్యారిభామ మొలిస్తే గడ్డి మందు కొట్టా గదా. ఓసారి కడిగే పెట్టాన్లే" అంది.

గడ్డి మందు ఒక కడుగుకి పోదు. పది కడుగులకీ పోదనే కదా ఎర్ర గుడ్డ కట్టింది. ఆ గుడ్డ రెండు పెద్ద ట్యాంకుల గురించే. ఆయన చింతకి కొట్టిన ఈ చిన్న డబ్బాని స్ప్రేయరని ఇంట్లో ఎవ్వరూ అనుకోలేదు.

చెయ్యాల్సిందేమిటో నాకు తెలుసు. ఆకులు మంచినీళ్ళతో కడిగి, కుండీ మట్టి మొత్తం మార్చి, నీడలో పెట్టి, చెట్టుని కదపకుండా వదిలెయ్యాలి. కానీ మట్టంతా మార్చితే ఆయన ఎందుకని అడుగుతాడు. సాయంత్రం వచ్చీ రాగానే, "రేపు పొద్దున పైకొచ్చి చూస్తా, మందు ఎలా పనిచేసిందో" అనే మనిషి ఆయన. ఆ మెలిక చూస్తే ఇంకొకరు చెప్పక్కర్లేదు. తన చేత్తో తనే, తను పదిమందికీ చెప్పే తప్పు చేశాడని తెలిస్తే, ఇక ఈ జన్మలో నా చెట్ల దగ్గరికి రాడు. నాకు చెట్టు పోతుందని భయం వేసింది. అంతకంటే ఎక్కువగా, వచ్చిన మనిషి వెనక్కి పోతాడని భయం వేసింది.

కత్తెర తెచ్చి ఆకులన్నీ కోసేశాను. అలా కొయ్యటం బోన్సాయ్‌లో ఉన్న పద్ధతే, ఆకు చిన్నది రావటానికి చేస్తారు. కానీ మంచి బలంగా ఉన్న చెట్టుకి, అదీ చిగురు వేసే కాలంలో చేస్తారు. చలికాలం ముందు, విషం తిన్న చెట్టుకి ఎవరూ చెయ్యరు. తెలిసి తెలిసి చేశాను. కుండీలో బిందెలకొద్దీ నీళ్ళు పోసి మట్టిని కడిగాను. కోసిన ఆకులు సంచిలో కట్టి, దిబ్బలో పారేసి వచ్చాను.

పొద్దున ఆయన రానే వచ్చాడు. బోడిగా ఉన్న చెట్టుని చూసి, "ఇదేంటే?" అన్నాడు. పిండినల్లి ఆకుల్లో దాక్కుంటుందని, ఇలా కోస్తే కొత్త ఆకు బాగా వస్తుందని చెప్పాను. నమ్మాడు. అప్పట్నుంచీ చిగురెప్పుడొస్తుందా అని రోజూ పొద్దున్నే మేడెక్కటం మొదలుపెట్టాడు. టీ గ్లాసు కూడా పైకే తెచ్చుకునేవాడు. తీగ ఎందుకు చుట్టావన్నాడు. కుండీలు మూడు రోజులకోసారి ఎందుకు తిప్పుతావన్నాడు. ఎండ ఒక వైపే తగిలితే చెట్టు అటే ఒరుగుతుందంటే, "చేలో కంది సాలు కూడా అంతే" అని సంబరపడ్డాడు. యాభై దాటాక మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవటానికి ఇన్ని మాటలుంటాయని నాకు తెలియదు. ఆ మాటల్లో ఒక్క ముక్క కూడా నేను స్థిమితంగా వినలేకపోయాను. ఆయన చూపు కొమ్మ మీద పడ్డప్పుడల్లా నా ప్రాణం అరచేతిలోకి వచ్చేది.

ఆయన లేవకముందే లేచి మేడెక్కేదాన్ని. గోటితో బెరడు కొద్దిగా గీకితే కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమ రంగుంటే పోయినట్టు. ఎడమ పక్క రెండు కొమ్మలు గోధుమ రంగు. కుడి పక్క పచ్చగా ఉంది. ఇరవై రోజులకి కుడి పక్క చిగుళ్ళు పొడిచాయి. అవీ మెలి తిరిగే వచ్చాయి. మందు ఇంకా ఒంట్లో ఉందన్నమాట. ఆయన కంట పడకుండా వాటిని గోటితో గిల్లేశాను. మర్నాడు ఇంకో రెండు వస్తే వాటినీ గిల్లాను. చెట్టు కూడబెట్టుకున్న కాస్త శక్తినీ నా గోటితో నేనే తీసేస్తున్నాను. చెట్టుకి దణ్ణం పెట్టుకుని మరీ గిల్లేదాన్ని. చెట్టు బతికిందని ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఎడమ పక్కంతా పోయి, సగం చెట్టుగా ఇప్పటికీ ఉంది.

ఒకరోజు నాకు కాస్త జ్వరం తగిలి మెలకువ ఆలస్యమైంది. పక్కన ఆయన లేడు. పరుగున మేడెక్కాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కుండీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. వేళ్ళ మధ్య మెలి తిరిగిన చిగురు ఉంది.

"ఇది గడ్డి మందు దెబ్బ" అన్నాడు, నా వైపు తిరక్కుండానే. "ఆ చిన్న డబ్బానేనా?"

"అదే."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఒంగోలు నుంచి వచ్చిన రోజే."

"మరి ఆకులు కోసింది?"

"మీరు చూస్తారని."

లేచి నిలబడ్డాడు. పక్క మేడలకి వినబడేలా అరిచాడు. "బుద్ధుందా నీకు? ఒక్క మాట చెబితే ఆ పూటే మట్టంతా మార్చేవాళ్ళం గదా! అయిన తప్పు ఎటూ నాదే. దానికి నువ్వు చెట్టుని కోసుకుంటావా?"

ఇక దాచే ఓపిక లేకపోయింది. "తెలిస్తే మీరు మళ్ళీ మేడ మీదికి రారని భయం వేసింది" అన్నాను. "ఇరవై ఏళ్ళకి వచ్చారు."

ఆయన కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నాడు.

"ఇరవై ఏళ్ళలో ఒక్కసారన్నా రమ్మని పిలిచావా?" అన్నాడు.

పిలవలేదు.