మూసీలోకి సాగనంపిన చాప

ఆ ఎండాకాలం మా గల్లీలో గత్తర అడుగుపెట్టింది. కలరా పేరు మావాళ్లకు అదే, అదీ గొంతు తగ్గించి పలికేవారు. పురానాపూల్ దగ్గర మా ఇల్లు. ఎదురింటి ముసలాయన పొద్దున వాంతులతో పడుకుని సాయంత్రానికి పోయాడు. మర్నాడు ఇంటింటా పాత చీపుర్లు, చిరిగిన చాటలు, పగిలిన కుండలు ఏరి ఎద్దుబండికి ఎత్తారు. రోగాన్నీ, దాన్ని తెచ్చిన అమ్మవారినీ పొలిమేర దాటించే ఆచారం అది. మా పొలిమేర మూసీ. కుప్ప పైన ముసలాయన చాప, బొంత ఉన్నాయి.

నాకు అక్క గుర్తొచ్చింది. చాదర్‌ఘాట్ దిగువన, ఏటి ఒడ్డునే మా అక్క కాపురం. వేసవిలో అక్కడివాళ్లు ఇసుకలో చెలిమె తవ్వి ఆ నీళ్లే తాగేవారు. అక్కకు ఏడాది నిండని కూతురు.

సభల్లో మూఢనమ్మకాల మీద నిప్పులు చెరిగే వయసు నాది. బండికి అడ్డంగా నిలబడ్డాను. రోగం చీపుర్లలో ఉండదనీ, బొంతకంటిన మలంలో ఉంటుందనీ, అది ఏటిలో కలిస్తే దిగువవాళ్లు చస్తారనీ అరిచాను.

"పక్కకు జరుగు భాయ్. ఎద్దులకు నీ సభల తక్రీర్ సమజ్ గాదు," అన్నాడు బండివాడు. జనం నవ్వారు.

ముసలాయన కోడలు నవ్వలేదు. "ఇంట్ల పసిపోరలున్నరు. దీన్ని ఇక్కడనే ఉంచుమంటవా?"

"ఉంచొద్దు వదినా, కాలుద్దాం."

"అమ్మవారి సామాను కాలుస్తరా? ఆమెకు కోపమొస్తె నువ్వు ఆపుతవా?"

"ఏట్లేస్తె యాడికి పోతది?"

"యాడికన్న పోనీ. మన గల్లీల ఉండదు, గంతే."

"మా అక్క తానికి పోతది!"

నా వాదమంతా ఆ ఒక్క కేకలో కొట్టుకుపోయింది. వెనక నుంచి ఒకావిడ, "నా బిడ్డను గూడ గాడికే ఇచ్చిన," అంది. అంతే, లొల్లి మొదలైంది. దిగువకు పిల్లనిచ్చినవాళ్లు కాల్చమన్నారు. మిగతావాళ్లు అమ్మవారికి భయపడ్డారు. చివరకు బండిని ఒడ్డు మీది బీడుకు మళ్లించి గొయ్యి తీశారు. నిప్పు పెట్టడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు.

"నేను ముసల్మాన్‌ను. మీ అమ్మ నన్నేమంటది? అగ్గిపెట్టె ఇటియ్యి," అన్నాడు బండివాడు. పుల్ల గీసే ముందు అతనూ ఒకసారి ఆకాశంలోకి చూశాడు.

బొంత మండింది. చాప కనబడలేదు. లొల్లి మధ్యలో కోడలు దాన్ని లాక్కెళ్లి ఏటిలో వదిలేసిందట.

ఒడ్డు వెంట దిగువకు పరుగెత్తాను. సన్నని ధార, రాళ్లకు పట్టిన గుడ్డలు, చాపలు, చచ్చిన కోళ్లు, కుండపెంకులు. ఆ చాప ఏదో పోల్చుకోలేకపోయాను.

అక్క గుమ్మంలోనే నవ్వింది. "దయ్యాల్లేవంటవు గద తమ్మీ, మరి ఎవరు తరిమిండ్రు?"

నీళ్లకుండను వాకిట్లో వంచేశాను. అక్క తిట్టడం మొదలుపెట్టింది. గత్తర అన్నాక పిల్లను చంకకెత్తుకుంది.

"పొద్దున పిల్లకు ఏ నీళ్లు పోసినవ్?"

"చెలిమెవే. ఇంకేముంటయ్?"

మా చాప కంటే ముందే నేను వచ్చి ఉండవచ్చు. కాని మాకు ఎగువన ఎన్ని గల్లీలు తమ గత్తరను అప్పటికే సాగనంపాయో ఎవరికి తెలుసు?

పొయ్యి రాజేసి కొత్త నీళ్లు మరిగించాం. అవి చల్లారేదాకా పిల్ల దాహంతో ఏడుస్తూనే ఉంది. ఏడుపు గట్టిగా ఉన్నంతసేపు నాకు ఊపిరాడింది. కాస్త నెమ్మదిస్తే చాలు, అక్కా నేనూ ఒకేసారి వంగి దాని పొట్ట మీద చెయ్యి వేసేవాళ్లం.