ఉపవాసం ఇడ్లీలు

షుగర్ వల్ల అమ్మ ఎడమకన్ను మసకబారింది. కుడికన్నైనా నిలవాలని ఆర్నెల్లుగా రోజూ పొద్దున్నే ఆమె వేలు గుచ్చి, ఫాస్టింగ్ షుగర్ రీడింగు పట్టికలో రాస్తున్నాను. తేదీ, అంకె, మాత్ర. డాక్టరు ఎన్ని మాత్రలు పెంచినా అంకె దిగలేదు.

ఒక శనివారం మామూలుకంటే ముందే వంటింట్లోకి వెళ్లాను. అమ్మ నెయ్యి, కారప్పొడి అద్దుకుని నాలుగో ఇడ్లీ తింటోంది.

“ఫాస్టింగ్ అంటే ఉపవాసమని చెప్పాను కదమ్మా!”

“ఉపవాసమేరా. అన్నం ముట్టానా ఏంది? టిఫినేగా!”

“రోజూ ఇంతేనా?”

“నువ్వు చెప్పిన కాడ్నించీ.”

పట్టికలో ఒక్క అంకె కూడా పనికిరాదు. ఇకమీదట వేలు గుచ్చాకే తినాలని, అదీ రెండిడ్లీలు చాలని అన్నాను.

“ఉన్న ఒక్క రుచీ తీసెయ్,” అంటూ అమ్మ పళ్లెంలో ఎర్రగా మిగిలిన కారప్పొడి కోసం వేళ్లతో తడుముకుంది. కుడికన్నూ పోతోందని అప్పుడు తెలిసింది.