ఐదు నిమిషాల తర్వాత వచ్చిన గీత

జఫర్‌గఢ్‌లో మాది మందుల షాపు. గర్భం కిట్టు కావాల్సిన ఆడవాళ్ళు ముందు తలనొప్పి గోలీ అడుగుతారు. పక్కన మగవాళ్ళు కదిలేదాకా ఆగి, అప్పుడు గొంతు తగ్గించి అసలు మాట చెబుతారు. రుక్కి ఒక్కతే నలుగురిలో నిలబడి, "సౌజన్యక్కా, కడుపు చూసే పట్టీ ఇయ్యి. పాతది అంటగట్టకు" అంటుంది. డబ్బా మీద తారీఖు చూస్తుంది. పైకవరు చిరిగిందేమోనని వేళ్ళతో తడుముతుంది. "వంకాయలు ఏరినట్టు ఏరుతున్నవేందక్కా" అని వెక్కిరిస్తాను. నాకంటే పదేళ్ళు పెద్దదే అయినా ఒకరినొకరం అక్కా అనే పిలుచుకుంటాం.

రుక్కి పక్క తండాలో ఆశ కార్యకర్త. సర్కారు కిట్లు అయిపోతే నా దగ్గర కొంటుంది. పొద్దున్నే మొదటి మూత్రం, మూడు చుక్కలు, ఐదు నిమిషాలు. మొగుడి గడియారం ఆమె చేతికి వదులుగా వేలాడుతుంటుంది. ఐదు నిమిషాలు కాగానే చూసి, ఉన్నమాట చెప్పి, పట్టీని రెండు ముక్కలుగా విరిచి పెంటలో పడేస్తుంది. ఈ విరిచే అలవాటు మాత్రం మొదట్నుంచీ ఉన్నది కాదు.

2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైళ్ళు ఆపడానికి తండా అంతా ట్రాక్టరెక్కుతున్న పొద్దున, దీప రుక్కిని ఇంట్లోకి లాగింది. దీప ఆ తండా కోడలు. పెళ్ళై ఆరేళ్ళయినా పిల్లల్లేరు. ఆ నెల పన్నెండు రోజులు దాటింది. రుక్కి గడియారం చూస్తూ కూర్చుంది. ఐదు నిమిషాలకు ఒక్కటే గీత, అంటే కడుపు లేనట్టే. బయట ట్రాక్టరు హారన్ కొడుతున్నారు. "జరసేపు ఉండనియ్యక్కా" అని దీప పట్టీని తన దగ్గరే పెట్టుకుంది. రుక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం తిరిగొస్తే దీప అత్త ఎదురొచ్చి ఆమె నోట్లో బెల్లంముక్క పెట్టింది. మధ్యాహ్నానికి రెండో గీత వచ్చిందట, సన్నగా. తడి ఆరాక ఒక్కోసారి అలాంటి జాడ కనపడుతుంది, అది లెక్కలోకి రాదు. ఆ సంగతి రుక్కికి తెలుసు. కానీ దీప మొగుడు సుభాష్ అప్పటికే తండా అంతా చెప్పుకుని వచ్చాడు. రుక్కి బెల్లం మింగి ఊరుకుంది.

మర్నాడు ఇంకో కిట్టు కోసం నా దగ్గరికి నడిచొచ్చింది. నా దగ్గర లేవు. మా పార్సిల్ వరంగల్ నుంచి బస్సు మీదే రావాలి, బస్సులేమో ఆగిపోయాయి. సంగతి విని, "ఇయ్యాలనే చెప్పెయ్, నానితే ఇంకా కష్టం" అన్నాను. "రేపు చెప్త" అంది. ఆ రేపు రాలేదు. దానికి నాకు ఇప్పటికీ ఆమె మీద కోపమే.

పరీక్ష చేసిన తొమ్మిదో రోజు, సమ్మెలో భాగంగా తండావాళ్ళు రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. దీప రెండు బిందెల నీళ్ళు మోసుకొచ్చింది. తెల్లారేసరికి రక్తం కనపడింది. నిజానికి ఆలస్యమైన నెలసరి అది. అత్త మాత్రం వాకిట్లో కూర్చుని, బిందెలు మోసి నా మనవణ్ణి చంపుకుందని ఏడ్చింది. దీప అన్నం మానేసింది.

"లేని పిల్లను చంపుడేందక్కా? పోయి నిజం చెప్పు" అని రుక్కిని కసిరాను. వెళ్ళింది. దీప గోడకు ఆనుకుని ఉందట. రుక్కి నోరు తెరిచేలోగా తనే, వాళ్ళ లంబాడీ భాషలో, ఒక మాట అంది. రుక్కి దాన్ని నాకు తెలుగులో చెప్పింది.

"నిలువకపోతేంది అక్కా, నాకు గూడ ఒక్కసారి కడుపైంది. ఇగ నన్ను గొడ్రాలనరు."

రుక్కి లేచి వాకిట్లోకొచ్చింది. "కోడలిని అనకు. బిందె మోస్తే ఏం గాదని నేనే చెప్పిన. తప్పు నాది" అని అత్తతో అనేసింది.

తండా ఆ మాట నమ్మింది. రెండేళ్ళు ఏ గర్భిణీ ఆమెను గడప తొక్కనివ్వలేదు. ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు. "అబద్ధమాడి ఏం సాధించినవ్?" అని అడిగాను. "ఆ పిల్లను గూడ నేనే తీసేస్తే దానికి ఇంకేముంటదక్కా" అంది. తర్వాత మెల్లగా మళ్ళీ పిలవడం మొదలుపెట్టారు. అప్పట్నుంచే పట్టీ విరుస్తోంది.

2014 జూన్ రెండున తెలంగాణ వచ్చింది. ఊరంతా పటాకులు. రుక్కీ దీపా నీడకోసం మా షాపు మెట్ల మీద కూర్చున్నారు. దీపకు అప్పటికీ పిల్లల్లేరు. ఎవరో తండ్రి భుజాలమీద ఒక పసిది జెండా ఊపుతూ పోయింది. దీప దాన్ని కనపడినంతదూరం చూసింది.

"నా బిడ్డ ఉంటే ఇయ్యాల్టికి రెండేండ్లు నిండుతుండెనా అక్కా?"

రుక్కి నావైపు చూసింది. నిజం చెప్పమని ఆమెను కసిరి పంపినదాన్ని నేనే కదా. వేళ్ళమీద నెలలు లెక్కపెట్టాను.

"నిండుతుండె బిడ్డా," అన్నాను. "మే నెలల పుడుతుండె."