కొండకు తెలిసిన గొంతు

ఆయన పనిచేసే షెడ్డులోనికి ఉదయపు వెలుతురు తిన్నగా వచ్చేది కాదు. పైకప్పు రేకులలో తుప్పు తొలిచిన చిల్లుల గుండా చుక్కలు చుక్కలుగా దిగి, నూనె మరకలు పడిన నేల మీద వాలేది. ఆ చుక్కలు నెమ్మదిగా ప్రాకి పనిబల్ల కాలిని తాకినప్పుడు, ఇక పనిలోనికి దిగవచ్చునని ఆయన లేచేవారు. అంతవరకు పాత టైరు మీద కూర్చుండి, చేతిలో చల్లారిపోయిన టీ గ్లాసుతో, విప్పి పరచిన ఇంజను భాగాలను చూస్తూ ఉండేవారు. చూసేవారికి ఆ మనిషి నిద్రపోతున్నాడో, మేలుకొని ఉన్నాడో తెలిసేది కాదు.

ఊరివారు ఆయనకు పెట్టిన పేరు చెవిమేస్త్రి. జబ్బుపడిన కారు వచ్చిందంటే ఆయన మొదట మూత ఎత్తి చూడరు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజనుకు ఆనించి, దాని కర్రపిడిని చెవి ముందరి ఎముకకు చేర్చి, కళ్లు మూసుకొంటారు. ఇనుము లోపలి మాట కర్ర గుండా ఆయనలోనికి దిగుతుంది. ఏ వాల్వు వదులైనదో, ఏ బేరింగు అరిగినదో ఆ తర్వాతనే చెప్పేవారు. ఆయన భార్యకు ఈ విద్య మీద పెద్ద గౌరవమేమీ లేదు.

"నేను గొంతు చించుకొని పిలిచినా వినపడదు. ఇనుము గొణిగితే మాత్రం ఎక్కడున్నా వినపడుతుంది!" అని ఆమె గుమ్మంలో నుండి దెప్పేది.

"ఇనుము ఒకసారి చెప్పిందే మళ్లీ చెప్పదే" అని ఆయన కళ్లు తెరవకుండానే బదులిచ్చేవారు.

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాతకాలపు కార్లంటే ఆయనకు ప్రాణం. వాటి మాటెత్తితేనే మిగిలిన మెకానిక్కులు ప్రక్క వీధి చూపించేవారు. ఆ కార్ల నాలుగు టైర్లూ ఇంచుమించు ఒకే మేరకు అరిగి ఉండాలి. మూడు పాతవాటి నడుమ ఒక్క కొత్తదాన్ని బిగిస్తే ముందు చక్రాలొక తీరున, వెనుక చక్రాలొక తీరున తిరిగి, నడుమనున్న గేర్లు నలిగిపోతాయి. అలా బిగించుకొని వచ్చినవారితో ఆయన, "ముగ్గురు ముసలాళ్ల మధ్య పడుచువాణ్ణి కూర్చోబెడితే కబుర్లు సాగుతాయా బాబూ?" అనేవారు.

ఆ కార్లలోనూ ఆయన మనసు దోచుకొన్నది ఒక జాతి ఇంజను. అందులో సిలిండర్లు నిటారుగా నిలబడవు. ఇటు రెండు, అటు రెండు వెల్లకిలా పడుకొని ఉంటాయి. పిస్టన్లు ఒకదానికొకటి ఎదురుగా సాగి, మరల ముడుచుకొంటాయి. నేల మీద పడుకొన్న పక్షి రెక్కలార్చుతున్నట్లు తోచేది ఆయనకు. కాని ఆ పక్షికి ఒక అవిటితనం ఉంది. పొగ బయటికి పోయే గొట్టాలు ఒక ప్రక్కవి పొట్టి, మరొక ప్రక్కవి పొడుగు. అందువలన ఊపిరులు సమానంగా కలియక, ఒకటి ముందుగా, ఒకటి వెనుకగా వచ్చి, "గుడుగుడు... గుడు... గుడుగుడు" మని కుంటుతూ మ్రోగేవి. ఆ మ్రోత ఇతరులకు ముచ్చట. ఆయనకు మాత్రం లోపం. మధ్యాహ్నం కునుకులో ఆయనకు తరచు ఒకే కల వచ్చేది. నాలుగు గొట్టాలు ఒకే పొడవున, నాలుగు వాగులు ఒక ఏటిలోనికి దిగినట్లు, చప్పుడు లేకుండా కలిసిపోయేవి. ఆ కలను ఇనుములో చూడవలెనని ఆయన జీవితకాలపు కోరిక.

ఆ అవకాశాన్ని తెచ్చినది ఆయన అక్క.

తల్లి పోయిన తరువాత ఆయనకు తల్లి అయినది ఆమెయే. నర్సుగా కొండ మీది ఇళ్లకు మందులు తీసుకొనిపోవడం ఆమె ఉద్యోగం. కొండ మీద ఫోను పలకదు. దారికి అడ్డంగా పారే వాగు ఎప్పుడు తగ్గితే అప్పుడే ఆమె ప్రయాణం గనుక, ఫలానా రోజని ముందుగా చెప్పడానికి వీలులేదు. ఏళ్ల తరబడి ఆమెను మోసినది ఆ పక్షిజాతి కారే. ఇప్పుడది నీళ్లు త్రాగుతోంది, నూనె కారుస్తోంది, చివరి ఎత్తు దగ్గర రొప్పి ఆగిపోతోంది. ఆసుపత్రి పెద్ద డాక్టరు మెత్తని మనిషే గాని, మాట స్పష్టంగా చెప్పారు: కారు కొండ ఎక్కగలదని తాను కూర్చుండి చూస్తేనే కొండ ప్రయాణం సాగుతుంది, లేకుంటే రోగులే క్రిందికి రావలసి ఉంటుంది. మోకాళ్లు పట్టేసిన వారికి, చంటిబిడ్డల తల్లులకు క్రిందికి దిగి రావడమంటే మాటలా?

"ఏరా, నా బండి బతుకుతుందా?" అని అడిగింది అక్క.

"బతకడమేంటక్కా, నిన్ను వదిలేసి ముందు పరిగెడుతుంది చూడు."

"నన్ను వదిలేస్తే ఇంకెవరు నడుపుతారు, మీ బావా? ఆయనకి సైకిలే తిన్నగా పోదు!"

ఆయన ఇంజనును గొలుసు కప్పీతో పైకెత్తి బల్ల మీదికి దించారు. సిలిండర్లను మూసే హెడ్డును నున్నగా చదును చేయించి, నీళ్లూ నూనే కారకుండ నడుమ క్రొత్త గ్యాస్కెట్ వేశారు. పిస్టన్ల రింగులు మార్చారు. వాల్వులను పేస్టు పూసి, అరచేతుల నడుమ పుల్ల త్రిప్పినట్లు త్రిప్పి, వాటి పీటల మీద నీటిబొట్టు కూడ జారనంతగా కూర్చొనేవరకు రుద్దారు. ఆ పిమ్మట తన కలకు చేతులు పెట్టారు. గొట్టాలలో ఇసుక దట్టించి, మంటలో ఎర్రగా కాల్చి, నొక్కు పడకుండ వంచారు. వంపు వెంట దారం పరచి పొడవు కొలిచారు. దారం చెప్పినంత మేర కోసి, మరల అతికారు. నాలుగు దారాలు బల్ల మీద ప్రక్కప్రక్కన పరచి, వాటి కొసలు ఒకే గీత మీద నిలిచిన నాడు ఆయన భోజనానికి లేవడం మరచిపోయారు. భార్య వచ్చి దారాలను చూసి, మొగుణ్ణి చూసి, అన్నం గిన్నె అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

ఇంజను బిగించి నడిపించినప్పుడు షెడ్డులో గాలి కదిలినట్లయింది, అంతే. స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి ఆయన చాలాసేపు నిలబడిపోయారు. లోపల అంతా ఒకే ప్రవాహం. ఆయన కంటిలో తడి చూసి, అక్క తల నిమిరింది.

పెద్ద డాక్టరును ఎక్కించుకొని ఆమె కొండకు వెళ్లిన రోజున ఆయన సాయంకాలం వరకు వీధి చివర కాచుకొని ఉన్నారు. కారు మబ్బునీడ వలె వచ్చి ఆగింది. అక్క దిగింది, ముఖం వాడిపోయి ఉంది.

"ఎక్కలేదా?"

"ఎక్కింది. వెన్నలా ఎక్కింది. డాక్టరు గారైతే హాయిగా నిద్రపోయారు కూడా."

"మరి ముఖమేంటి అలా పెట్టావు?"

"ఎవ్వరూ రాలేదురా. ఆగిన ప్రతి చోటా రోడ్డు ఖాళీ. డాక్టరు గారు పాపం మంచిగానే అన్నారు, ఎవరికీ అవసరం లేనప్పుడు ఎందుకమ్మా ఈ వయసులో నీకీ తిప్పలు అని. ఇంకొక్కసారి వచ్చి చూస్తారట. అప్పుడూ ఇలాగే ఉంటే ఇంక మానెయ్యమన్నారు."

ఇద్దరూ కారు ప్రక్కనే మెట్టు మీద కూర్చున్నారు. పొలం పనులేమో అన్నాడు తమ్ముడు. అలిగారేమో అన్నది అక్క. కారణం మాత్రం ఇద్దరికీ అంతుచిక్కలేదు.

రెండు రోజుల తరువాత, కొండ నుండి పాలు దింపే వ్యానులో ముందు సీటున కూర్చుండి, వాగు పైనున్న మొదటి పల్లెలో అన్నిటికన్న పై ఇంటి అవ్వ దిగివచ్చింది. చేతికర్రతో షెడ్డు రేకు మీద టంగున కొట్టింది.

"ఏదీ మీ నర్సమ్మ? మందులైపోయి నా కీళ్లు కిర్రుకిర్రుమంటుంటే పైకి రావడమే మానేసిందేం?"

లోపల టీ త్రాగుతున్న అక్క ఉలిక్కిపడి లేచింది. "వచ్చాను కదా అవ్వా! మీ ఇంటి మలుపులో ఎంతసేపు నిలబడ్డాననుకున్నావు!"

"వస్తే వినపడదూ? నాకు కళ్లు పోయాయి గానీ చెవులు పోలేదు. మీ గుడగుడ బండి కింద వాగు దాటుతుంటేనే వింటాను. నేను విని పక్కింటికి కేకేస్తాను, వాళ్లు కిందింటికి కేకేస్తారు. బట్టలు సర్దుకుని, పిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీదికొచ్చేసరికి నువ్వూ వస్తావు. ఇన్నేళ్లూ ఇంకెలా వచ్చామనుకున్నావు, కలగనా?"

అక్క టీ గ్లాసు క్రింద పెట్టింది. ఆమె వెళ్లినప్పుడెల్ల వారు దారి ప్రక్కన నిలబడే ఉండేవారు. చెట్లు ఉన్నట్లే వారూ ఉన్నారనుకొన్నది. వారికెలా తెలిసేదని ఒక్కనాడైనా అడగలేదు. ఇక తమ్ముడంటారా, ఇన్నేళ్లు ఆ కారును బాగుచేస్తూ ఒక్కసారైనా దానిలో కొండ ఎక్కినవాడు కాదు.

"ఇంజను బాగుపడితే చప్పుడుండదు అవ్వా" అన్నారాయన మెల్లగా.

"అయితే మళ్లీ పాడుచెయ్యి నాయనా!"

గుమ్మంలో నిలబడిన భార్య పమిట నోటికడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వు ఆగిన తరువాత, "పోనీ వదినా, హారను కొట్టుకుంటూ వెళ్లకూడదూ?" అన్నది.

"మలుపు మలుపుకీ ప్రతి లారీ కొట్టేదే కదమ్మా. ఏది నాదని తెలుస్తుంది?" అన్నది అక్క. తమ్ముడి ముఖం చూసి, వెంటనే, "వద్దులేరా. నీ గొట్టాలు తియ్యకు. నేనే ఇల్లిల్లూ ఎక్కి తలుపు కొడతాలే" అన్నది.

"నీ మోకాళ్లతోనా అక్కా?" అన్నారాయన.

మరునాడు వెలుతురు చుక్కలు పనిబల్ల కాలిని దాటి, బల్ల పైకెక్కి, అవతలికి దిగిపోయినా ఆయన టైరు మీద నుండి లేవలేదు. తన కల కారు క్రింద మెరుస్తోంది. చివరకు లేచి, బోల్టులకు నూనె చుక్కలు వేసి, ఒక్కొక్కటే విప్పారు. దించిన గొట్టాలను గుడ్డతో తుడిచి, రేకుల షెడ్డు దూలానికి వ్రేలాడదీశారు. గాలి వీచినప్పుడు అవి సన్నగా, ఒకే స్వరంలో పలికాయి.

పాత గొట్టాలు పాత ఇనుము గుట్టలో ఉన్నాయి. తుప్పుకు చీలి, తిరిగి అతకడానికి పనికిరాకుండా పోయాయి. వాటి వంపుల మీద దారం పరచి, ఆ పొట్టిని, ఆ పొడుగును అలాగే కొలిచి, క్రొత్తవి చేయవలసి వచ్చింది. ఇసుక దట్టించారు, కాల్చారు, వంచారు. సమానాన్ని ఎంత శ్రద్ధతో చేశారో, అసమానాన్నీ అంత శ్రద్ధతోనే చేశారు. కొంత ఊపు తగ్గుతుందని ఆయనకు తెలుసు. క్రొత్త రింగులు, గట్టి గ్యాస్కెట్ ఆ లోటును మోయగలవనీ తెలుసు. కాని నడిపించి, స్క్రూడ్రైవర్ ఆనించి విన్నప్పుడు ఆయనకు అనుమానం కలిగింది. షెడ్డులో విన్న గొంతు కొండకు తెలిసిన గొంతేనా? ఆ సంగతి ఇక్కడ తేలేది కాదు.

డాక్టరు గారు మరల వచ్చే రోజున, ఆయన తెల్లవారిన వెంటనే పాలవ్యాను ఎక్కి, అవ్వ ఇంటికి వెళ్లి, ఆమె అరుగు మీద కూర్చున్నారు. మంచు లోయను నింపి ఉంది. ఇళ్ల కప్పులు తెల్లని నీటిలో తేలుతున్న పడవల వలె కనిపిస్తున్నాయి. చేతిలో స్క్రూడ్రైవర్ లేదు. చెవికి ఏమి ఆనించవలెనో తెలియక, చేతులు ఒడిలో పెట్టుకొన్నారు.

చాలాసేపు ఏమీ లేదు. ఒక లారీ వెళ్లింది. నీటి చుక్కలు చూరు నుండి రాలాయి.

"వినపడిందా?" అన్నది అవ్వ.

"లేదవ్వా."

"వాగు దాటుతోంది." ఆమె తల ఒక ప్రక్కకు వంచి, కనుబొమలు ముడిచింది. "ఊఁ... కాస్త జలుబు తగ్గినట్టుంది. అయినా అదే. మా ఆయన గురకలాగే, ఒకటి పొడుగూ, ఒకటి పొట్టీ. అదే!"

అప్పుడు ఆయనకూ వినిపించింది. మంచు అడుగు నుండి ఎక్కడో, "గుడుగుడు... గుడు... గుడుగుడు." షెడ్డులో విన్నప్పుడు కుంటినడకగా తోచినది, ఇక్కడ లోయ గోడలకు తగిలి తిరిగి వస్తుంటే, తెలిసిన మనిషి మెట్లెక్కి వస్తున్న అడుగుల సవ్వడి వలె ఉంది. అవ్వ లేచి ప్రక్కింటికి కేక వేసింది. ఆ కేక మంచులో పడి, క్రిందికి, ఇంకా క్రిందికి ఇంటింటా మేల్కొంటూ పోయింది. తలుపులు తెరచుకొన్నాయి. ఒక తల్లి బిడ్డను చంకనెత్తుకొని గబగబ దిగింది. ఒక ముసలాయన చెప్పులు ఎడమది కుడికి వేసుకొని బయలుదేరాడు.

మంచును చీల్చుకొని కారు వచ్చేసరికి మలుపులో నిలువ చోటు లేదు. డాక్టరు గారు నిద్ర కళ్లతో దిగి, ఆ జనాన్ని చూసి, మరల కారును చూసి, తల గోక్కొన్నారు. అవ్వ కర్ర ఆయన ముందు నిలిపింది.

"నువ్వెవరు నాయనా, కొత్త డ్రైవరువా?"

"డాక్టర్నమ్మా."

"అలాగా! అయితే ఆ సంచీ పట్టుకో, నర్సమ్మకి చెయ్యి సాయం చెయ్యి."

డాక్టరు గారు నవ్వి సంచి అందుకొన్నారు. ఒకరి తరువాత ఒకరిని చూస్తూ, నడుమ తలెత్తి, "మళ్లీ ఎప్పుడొద్దామమ్మా?" అని నర్సమ్మను అడిగారు. "వాగు తగ్గగానే సార్" అన్నదామె. అని, అరుగు మీదున్న తమ్ముణ్ణి చూసి, దిగి రమ్మని చేయి ఊపింది.

ఆయన తల అడ్డంగా ఆడించారు. కారు కదిలి, పై పల్లెకు పోయే మలుపు తిరిగి మంచులో కరిగిపోయింది. అవ్వ ప్రక్కన చేరి కూర్చున్నది.

"ఇప్పుడు రాళ్ల మీదెక్కింది... ఇదిగో, ఎత్తొచ్చింది, గొంతు బొంగురు పోయింది... ఎక్కేసిందిలే. ఆగింది."

చెవిమేస్త్రి కళ్లు మూసుకొన్నారు.