రెండో అంగీ

మా వీధి చివరి మఠంలోని కన్యాస్త్రీలకు అంగీలు కుట్టేది నేనే. అంటురోగాల ఆసుపత్రిలో రోగుల్ని చూసుకునేది వాళ్లు. ఎప్పుడూ ఆరుగురే. కొత్త అంగీకి కబురొచ్చిందంటే ఆరుగురిలో ఒకరు పోయారన్నమాట. పదకొండేళ్లలో తొమ్మిది కబుర్లు వచ్చాయి.

ఒక్కొక్కరికి రెండు కుట్టాలి. మొదటిది జేబుతో, వేసుకోవడానికి. రెండోది జేబు లేకుండా. దాన్ని పెట్టెలో దాచి, పోయిన రోజున తొడిగి పూడుస్తారు. రెండూ సిద్ధమైతేనే మనిషిని లోపలికి తీసుకుంటారు.

మొన్న మఠం నుంచి చీటీ వచ్చింది. పేరుండదు, కొలతలే ఉంటాయి. ఎడమ భుజం అర అంగుళం దిగువ. ఆ భుజానికి చిన్నప్పటి నుంచీ గౌన్లు కుట్టింది నేను. అది మా చెల్లెలి భుజం.

అమ్మ పోయాక దాన్ని పెంచింది నేనే. ఇంట్లో దాని పేరు సూది. సన్నగా ఉంటుంది, గుచ్చి గుచ్చి అడిగితే గానీ నోరు విప్పదు. ఆ ఆసుపత్రిలో బట్టలుతికే పనిలో చేరిన రోజే దాని కాళ్లు విరగ్గొట్టాల్సింది.

“నాకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?” అని సూదిని నిలదీశాను.

“చెబితే ఒప్పుకోవుగా అక్కా.”

“ఎందుకొప్పుకుంటాను? చావడానికి ఎవరైనా పేరిచ్చుకుంటారా?”

“పోయిన వారం ఒకావిడ నీళ్లడిగింది. గదిలో సిస్టర్ లేరు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను, భయమేసి. తెల్లారేసరికి ఆవిడ పోయింది. ఆవిడ కప్పుకున్న దుప్పటి ఉతకడానికి నా దగ్గరికే వచ్చింది.”

నాకు ఒళ్లు మండింది. వెళ్లి మిషన్ ముందు కూర్చున్నాను. మొదటి అంగీ సరిగ్గానే కుట్టాను. రెండోదానికి కావాలనే జేబు పెట్టాను, నా అరచెయ్యంతది. మఠం వాళ్లు తిప్పి పంపుతారు, మళ్లీ తప్పు కుడతాను, ఎన్నాళ్లయినా సరే.

సాయంత్రం సూది వచ్చి మడత విప్పింది. జేబులో చెయ్యి పెట్టి చూసింది.

“అక్కా, ఇదేంటి?”

“మరిచిపోయి కుట్టాను.”

“నువ్వా? మరిచిపోవడమా?” అని నవ్వింది.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. “వెళ్లకే. నాకు నువ్వు కావాలి” అన్నాను.

అది నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత నా కత్తెరే తీసుకుని, దీపం దగ్గరికి జరిగి, జేబు కుట్లు ఒక్కొక్కటిగా విప్పింది. బట్ట చిరగకుండా కుట్టు విప్పడం దానికి నేర్పింది నేనే.