నాలుగు దొంగగీతలు

నా చిన్నప్పుడు ఒక్క మిరప కోతల కాలంలో మా ఇంట్లో పోయినవి ఇవి: మా నాన్న ఒంట్లో తొమ్మిది కిలోలు, ఆయన పనిరోజులు యాభై రెండు, నా బడి పదకొండు రోజులు. అమ్మ నిద్ర ఎంత పోయిందో లెక్కకు దొరకలేదు.

గురజాల పక్క మా ఊళ్లో ఎండుమిరప కల్లాల దగ్గర ఆ రోజుల్లో అందరూ దగ్గేవాళ్లే. ఘాటుకు దగ్గనివాడెవడని నాన్న రెండు నెలలు నవ్వేశాడు. చివరికి ఎక్స్‌రే తీసి, తెమడ పరీక్ష చేస్తే క్షయ అని తేలింది. ఆరు నెలలు రోజూ మాత్రలు మింగాలన్నారు. ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసే పక్కింటి అక్క, మింగిన రోజుకొక గీత చొప్పున క్యాలెండరు మీద గీసే పని నాకప్పగించింది.

రెండు నెలలకు దగ్గు ఆగింది. నాన్నకు కూలికి పోవాలన్న ఆత్రం పుట్టింది. "మాత్రలు ఒళ్లు వేడి చేస్తన్నాయి, ఇంక చాల్లే. గీత మాత్రం గియ్యి, అమ్మకు చెప్పమాక," అన్నాడు. గీశాను. బడిలో కూర్చున్నా మనసు క్యాలెండరు దగ్గరే ఉండేది.

ఐదో రోజు అక్క వచ్చి గీతలు లెక్కపెట్టింది: అరవై ఎనిమిది. ఖాళీ మాత్రల రేకులు లెక్కపెడితే అరవై నాలుగు రోజులకే సరిపోయాయి. నన్ను తిట్టలేదు. నాన్న మొదటి ఎక్స్‌రే ఫిల్మునూ, రెండో నెల తీసిన ఫిల్మునూ పక్కపక్కన కిటికీకి ఆనించింది. మొదటిదాంట్లో కుడి ఊపిరితిత్తిలో, మెడ ఎముక కింద, మబ్బులాంటి తెల్లమచ్చ. దాని మధ్యలో గుండ్రంగా నల్లటి బెజ్జం. రెండోదాంట్లో మచ్చ పలచబడింది, బెజ్జం చిన్నదైంది.

"దగ్గు పోయింది. ఇది పోయిందా? నువ్వే చూసి చెప్పవే మీ నాన్నకు."

గడపలో కూర్చున్న నాన్న నా వైపే చూస్తున్నాడు. "పోలేదు నాన్నా," అన్నాను. మధ్యలో ఆపితే జబ్బు మందుకు లొంగకుండా పోతుందని అక్క నెమ్మదిగా చెప్పింది. నాన్న మాత్ర మింగడానికి నీళ్ల చెంబు అందుకున్నాడు.

మానేసిన రోజులకు బదులుగా డాక్టరు చివర్లో నాలుగు రోజులు పెంచారు. ఆఖరి ఫిల్ములో బెజ్జం పూడింది గానీ, అక్కడ సన్నటి తెల్లగీత మిగిలింది. "ఇంకా పోలేదా?" అని అడిగాను. "పుండు మానినా మచ్చ ఉంటదిలే. తెమడలో క్రిములు లేవు, అదీ లెక్క," అంది అక్క.

అప్పటి నుంచి ఏ లెక్కైనా రెండో వైపు నుంచి కూడా చూడందే నాకు కుదురుండదు. నాన్న తన నాలుగు రోజులూ మింగి తీర్చుకున్నాడు. నా పేర మాత్రం ఇప్పటికీ బాకీ ఉంది: నాలుగు గీతలు.