ఊరందరికీ సున్నాలు చుట్టిన డాక్టరు

డాక్టర్ అంతోనయ్యకు ఒకటే పిచ్చి. ఎవరి ఒంటి మీద వాపు కనిపించినా జేబులోంచి నీలం బాల్‌పెన్ను తీసి దాని చుట్టూ సున్నా చుట్టేస్తాడు. చుట్టి ఊరుకోడు, పక్కన టైము కూడా వేస్తాడు. దోమ కుట్టినా అంతే, పెనం అంచు తగిలి చెయ్యి కాలినా అంతే. తిరువూరు బస్టాండులో నిలబడి జనం చేతులూ కాళ్లూ చూస్తే చాలు, వాళ్లలో ఎవరు డాక్టరు వీధి మీదుగా వచ్చారో తెలిసిపోతుంది.

"కదలకు, కదలకు. ఎనిమిదీ ఇరవై. రేపు ఓసారి కనపడు."

"ఎందుకండీ?"

"ఎరుపు ఈ గీత లోపలే ఉంటే మనవాళ్లు గెలుస్తున్నట్టు. గీత దాటిందంటే నువ్వు ఆసుపత్రికి పోవాలి."

మనవాళ్లంటే తెల్లకణాలు. అంతోనయ్య డాక్టరే గానీ మాత్రలు రాసే డాక్టరు కాదు. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో ముప్పై నాలుగేళ్లు వాపుల మీద పనిచేసి, రిటైరై ఈమధ్యే సొంతూరు వచ్చాడు. ఒంట్లో ముల్లు దిగితే అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చే తెల్లకణం ఒకటి ఉంటుంది. అది ఎలా వస్తుంది, ఎలా పోరాడుతుంది, ఎలా చస్తుంది అన్నదే ఆయన జీవితమంతా చదివిన చదువు.

"ఎన్నాళ్లు బతుకుద్దయ్యా అది?" అని అడిగాడు బసవపున్నయ్య. ఆయనా అంతోనయ్యా ఒకే బడిలో ఒకే బెంచీ. పక్కపక్క ఇళ్లు. రెడ్డిగూడెం దగ్గర పదెకరాల మామిడితోట ఆయనది.

"ఒక రోజు. మహా అయితే రెండు."

"రెండ్రోజులు బతికేదానికి ముప్పై నాలుగేళ్లా! అదే ఒక చిన్నరసం మొక్క నాటుంటే ఈపాటికి ముప్పై కాపులు కోసేవాడివి."

అంతోనయ్యకు ఇలాంటి మాటలు చీమ కుట్టినట్టైనా ఉండవు. కానీ వాపును తిడితే మాత్రం ఊరుకోడు. ఒకసారి విందు భోజనంలో ఎవరో "ఈ చీము పాడుగాను" అన్నారు. అంతోనయ్య విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు. "చీము అంటే ఏంటనుకున్నారండీ? మీకోసం పోరాడి చచ్చిపోయిన లక్షల కణాలండీ అవి!" అని గద్గద స్వరంతో పావుగంట చెప్పాడు. సరిగ్గా అప్పుడే పెరుగు వడ్డిస్తున్నారు. ఆ పూట ఎవరూ పెరుగు వేయించుకోలేదు.

పక్కింటివాడిగా బసవపున్నయ్యకు తలవంపుగా ఉండేది. మొన్న ఏప్రిల్లో చర్చి ఫాదరుగారి చేతిని కందిరీగ కుట్టింది. ఆదివారం పూజలో ఆయన సత్ప్రసాదం ఎత్తి పట్టుకుంటే, మణికట్టు మీద సున్నా, పక్కన "ఉ. 6.10" అని అంకెలు. భక్తులంతా తలలు వంచవలసిన సమయంలో తలలెత్తి చదివారు. ఆ తర్వాత అదే వీధిలో విశ్వతేజ అనే కుర్రాడి పెళ్లి. పెళ్లికొడుకు బుగ్గ మీద మొటిమ వాచింది. అంతోనయ్య అక్షింతలు వేయడానికి వెళ్లి పెన్ను తీశాడు. ఆడపెళ్లివారు అది మగపెళ్లివారి ఆచారం కాబోలనుకుని, మాట రాకూడదని పెళ్లికూతురు బుగ్గ మీద కూడా ఒక సున్నా చుట్టించారు. ఫొటోలన్నిటిలోనూ ఇద్దరూ సున్నాలతోనే ఉన్నారు.

"నీ స్నేహితుడికి ల్యాబులో పట్టిన అలవాటంటగా," అని నవ్వేవాళ్లు జనం.

బసవపున్నయ్యకు నవ్వొచ్చేది కాదు. మామిడి కోతల మొదట్లో తోటలో ఆయన కుడి అరికాల్లో తుమ్మ ముల్లు దిగింది. ముల్లు వచ్చేసింది గానీ పుండు మానలేదు. ఒంట్లో చూస్తే షుగరు. ఆయన అన్నగారు కూడా ఇలాగే బొటనవేలు చూపించుకుందామని ఆసుపత్రికి వెళ్లి, పాదం లేకుండా తిరిగొచ్చాడు. అప్పటినుంచి ఆసుపత్రి పేరు చెబితే బసవపున్నయ్య లేచి వెళ్లిపోయేవాడు. తోటలో కాలు పెట్టలేని రైతు బతుకు తలచుకుంటేనే ఆయనకు అన్నం దిగేది కాదు. అందుకే భార్య సరోజినీదేవికి కూడా చెప్పకుండా, జన్మలో బూట్లెరుగని మనిషి, ఏప్రిల్ ఎండలో మేజోళ్లూ బూట్లూ తొడిగి తిరగసాగాడు.

"ఇదేం సోకండీ ఈ వయసులో?" అని అడిగింది సరోజినీదేవి. ఆవిడ చేతి మీద కూడా సున్నా ఉంది. ఆవకాయకి కాయలు తరుగుతుంటే జీడి అంటి పొక్కిందట.

"నువ్వు కూడానా!"

"అందరికీ చుట్టారు, నాకు చుడితే తప్పేంటి? మీరొక్కరే మిగిలారు."

నిజమే. పాలమ్మే జోజమ్మకు ఉంది. ఎ.కొండూరు బస్సు కండక్టరుకు ఉంది. టీకొట్టు దగ్గర "ఏమండీ, మీ డాక్టరుగారు మీకు చుట్టలేదా?" అని అడిగిన ప్రతివాడికీ ఉంది. మొదట్లో చిరాకు పడిన బసవపున్నయ్యకు రానురాను ఉక్రోషం వచ్చింది. దారినపోయే దానయ్యలందరికీ చుట్టినవాడు, ఒకే బెంచీ మీద కూర్చున్న తనకు చుట్టడేం?

ఒకరోజు పొద్దున్న ఏడింటికి వెళ్లి అంతోనయ్య వరండాలో కూర్చున్నాడు. మేజోడు విప్పి కాలు చాపాడు.

"ఊరందరికీ చుట్టావుగా. ఊరికే, నాకూ ఒకటి చుట్టు."

అంతోనయ్య నవ్వలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. కింద కూర్చుని పాదాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. ఎరుపు అప్పటికే మడమ దాకా పాకింది. దాని చుట్టూ జాగ్రత్తగా గీత గీశాడు. "7.05" అని వేశాడు.

"ఇప్పుడే వెళ్దాం పున్నయ్యా."

"రాను. కోసేస్తారు."

"సరే, ఒక ఒప్పందం. పదకొండింటికి చూద్దాం. ఎరుపు గీత దాటకపోతే నీ మాట. దాటితే నా మాట. ఇక్కణ్ణించి మాత్రం కదలకు."

ఆ నాలుగు గంటలూ ఇద్దరూ పాదం వైపే చూస్తూ కూర్చున్నారు. పదకొండింటికి ఎరుపు గీత దాటి బొటనవేలి వెడల్పున పైకి వచ్చింది. మనుషులు చెబితే వాదించేవాడే, గీతతో ఏం వాదిస్తాడు? బసవపున్నయ్య "కారు పిలువు" అన్నాడు.

విజయవాడలో పన్నెండు రోజులు ఉంచారు. పుండు శుభ్రం చేశారు, మందులెక్కించారు. ఐదు వేళ్లూ, పాదమూ, అన్నీ మిగిలాయి. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు అక్కడి డాక్టర్లు.

ఇంటికొచ్చాక చూడటానికి జ్ఞానమణి వచ్చింది. అంతోనయ్య భార్య.

"అదృష్టం చెల్లెమ్మా," అన్నాడు బసవపున్నయ్య. "ఆ పిచ్చి అలవాటే లేకపోతే నా కాలు పోయేది."

"అలవాటేంటి అన్నయ్యా? ఆయన ముప్పై నాలుగేళ్లూ గాజుపలకల మీద కణాలు చూసుకున్న మనిషి. మనిషి ఒంటి మీద పెన్ను పెట్టింది మొన్న ఏప్రిల్లోనే. మీరు బూట్లేసుకుని కుంటుతుంటే కాలికేమైందని అడిగారు కదా, మీరు విసుక్కుని లేచి వెళ్లిపోలా? 'వాడొక్కడికే గీస్తానంటే పారిపోతాడు మణీ, ఊరందరికీ గీస్తే ఎప్పుడో ఒకప్పుడు వాడే వస్తాడు' అన్నారు. నెలన్నర మీకోసం ఎదురు చూశారు. మీ మేజోళ్లు చూసినప్పుడల్లా ఆయనకి నిద్ర లేదు."

బసవపున్నయ్యకు కళ్లు చెమర్చాయి. సరోజినీదేవికి కనబడకూడదని పై కండువాతో ముక్కు చీదాడు. కర్ర పట్టుకుని నెమ్మదిగా పక్కింటికి నడిచాడు. అంతోనయ్య గేటు దగ్గర ఎవరో కరెంటు లైన్‌మన్ మోచేతికి సున్నా చుడుతున్నాడు.

"నా కాలు బాగైందిగా. ఇంకా ఎందుకయ్యా?" అన్నాడు మెల్లగా, లైన్‌మన్ వెళ్లాక.

అంతోనయ్య కళ్లతోనే వీధి మలుపు చూపించాడు. అక్కడ ఆకుకూరలమ్మే అక్కమ్మ ఎడమచేత్తోనే కట్టలు కడుతోంది. కుడిచెయ్యి కొంగులో చుట్టి ఉంది.

"వారం నుంచీ అంతే. అడిగితే తిడుతోంది."

బసవపున్నయ్య కర్ర అందుకున్నాడు. వెంటనే వీధిలోకి వెళ్లి, అక్కమ్మ గంపకు ఎదురుగా అరుగు మీద కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"ఓ డాక్టరూ!" అని వీధంతా వినబడేలా కేకేశాడు. "దోమ కుట్టింది, వచ్చి సున్నా చుట్టు! కాస్త పెద్దదిగా చుట్టు!"